రెండు భాషల పత్రికలో లేని మూడవ భాష

(బ్రూక్షాబాద్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మానవశాస్త్ర పత్రికలు, వాటి వెనుకనున్న పరిశోధనా సంస్థలు మన దీవులను గురించి ఏమి వ్రాశాయో వివరించవలసినదిగా సంఘం వారు నన్ను కోరారు. బౌద్ధ సభలో ఈ విషయానికి చోటేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. కాని ఈ దీవుల ఆదిమ నివాసులకు దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న మీద సుమారు 115 సంవత్సరాల క్రితం ఐరోపా పండితులు పత్రికలలో తీవ్రంగా వాదించుకొన్నారు. ఆ వాదంలో ఒక పక్షాన నిలిచిన విద్వాంసుడే రెండు భాషలలో పేరు ధరించిన ఒక పత్రికకు స్థాపకుడు. ఆ చరిత్రలో మనకొక పాఠమున్నది. ఒక మనిషి మరొకరి వాదానికి సాక్ష్యం మాత్రమే కారాదన్నదే ఆ పాఠం. ఈ పూట నేను విన్నవించదలచినది ఆ ఒక్క విషయమే.

ముందుగా ఒక భిక్షువు పేరు తలచుకొందాం. క్రీస్తుశకం 7వ శతాబ్దంలో చీనా దేశం నుండి బయలుదేరిన ఇత్సింగ్ శ్రీవిజయ రాజ్యంలో ఆగి సంస్కృత వ్యాకరణం అభ్యసించాడు. అక్కడి నుండి 673 ప్రాంతంలో తామ్రలిప్తికి ఓడలో సాగిపోతూ దారిలో 'నగ్నుల దేశం' ఒకటి చూశానని వ్రాశాడు. అది మన నికోబార్ దీవులేనని పండితులు గుర్తించారు. ఓడ కనబడగానే ద్వీపవాసులు చిన్న పడవలలో కొబ్బరికాయలు, అరటిపండ్లు, వెదురు సామాను తీసుకొని వచ్చేవారట. వారికి కావలసినది ఇనుము. రెండు వేళ్లంత ఇనుప ముక్కకు ఐదో పదో కొబ్బరికాయలు ఇచ్చేవారని ఆయన లెక్క కూడా చెప్పాడు. మన పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురమని పేరు మార్చినప్పుడు ఆ పాత రాజ్యం పేరు మళ్లీ మన చెవిన పడింది. కాని ఆ రాజ్యం మీదుగా వచ్చిన బౌద్ధ భిక్షువే ఈ సముద్రపు మనుషులను గురించి తొలినాటి వర్ణనలలో ఒకటి వ్రాశాడని మనలో ఎందరికి తెలుసు?

ఇత్సింగ్ వ్రాత నిజాయితీ గలది. తాను చూసినదానిని చూసినట్లు చెప్పాడు. అయినను అది ఓడ మీద నుండి చూసిన చూపు. ఆ జనం తమను తాము ఏమని పిలుచుకొనేవారో అందులో లేదు. తరువాత వచ్చిన వ్రాతలలోనూ పెక్కింటికి ఇదే లోపం అంటుకొన్నది. ఓడ స్థానంలో కచేరీ వచ్చినది, కచేరీ స్థానంలో విశ్వవిద్యాలయం వచ్చినది. చూపు మాత్రం చాలాకాలం దూరం నుండే సాగింది.

ఇక పత్రిక సంగతికి వస్తాను. 1906లో ఆస్ట్రియా దేశంలో విల్హెల్మ్ ష్మిట్ అనే కేథలిక్ గురువు 'ఆంత్రోపోస్' అనే పత్రికను స్థాపించారు. గ్రీకు భాషలో ఆ మాటకు మనిషి అని అర్థం. జాతులను, భాషలను అధ్యయనం చేసే అంతర్జాతీయ పత్రిక అని దాని ముఖపత్రం మీద జర్మన్, ఫ్రెంచి భాషలు రెండింటిలోను వ్రాసి ఉండేది. ఇంగ్లీషు మొదలైన ఇతర భాషల వ్యాసాలకు కూడా అందులో స్థానముండేది. ష్మిట్ ఆలోచన సులభమైనది. పర్యాటకుడు నెల రోజులు తిరిగి పుస్తకం వ్రాస్తాడు. మతగురువు మాత్రం ఒకే పల్లెలో 20 సంవత్సరాలు ఉండి ఆ జనుల భాష నేర్చుకొంటాడు. ఆ గురువులకు శిక్షణ ఇచ్చి వారి చేత వ్రాయిస్తే మానవశాస్త్రానికి మేలు జరుగుతుందని ఆయన భావించారు. ఏ భాషలోని ధ్వనినైనా ఒకే తీరున వ్రాసేందుకు 1907లో ప్రత్యేకమైన లిపిని కూడా రూపొందించారు.

ఆ పత్రికకు తోడుగా 1931లో వియన్నా సమీపాన ఆంత్రోపోస్ పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించగా సంస్థ స్విట్జర్లాండుకు తరలిపోయింది. 1962 నుండి జర్మనీలో బాన్ నగర సమీపాన ఉన్న సాంక్ట్ ఆగస్టీన్ దాని నివాసం. ఒక పత్రిక, ఒక గ్రంథాలయం, కొందరు శ్రద్ధాళువులు కలిస్తే విద్య యుద్ధాలను కూడా దాటి నిలుస్తుందనడానికి అది ఉదాహరణ.

ష్మిట్ వల్ల మనకు కలిగిన ఉపకారాన్ని ముందు చెప్పడం న్యాయం. నికోబారీ భాషను, మోన్, ఖ్మేర్ భాషలను, మధ్య భారతంలోని ముండా భాషలను ఒకే కుటుంబంగా చూపి, ఆ కుటుంబానికి ఆస్ట్రోఏషియాటిక్ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చినది ఆయనే. ఇందులో మన తెలుగువారికి ఒక విశేషమున్నది. ముండా శాఖలోనిదే సవర భాష. శ్రీకాకుళం కొండలలో సవరలు నేటికీ ఆ భాష మాట్లాడుతున్నారు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో అనేకం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చినవే. మనం విడిచి వచ్చిన కొండల భాషకు, మనం చేరిన సముద్రంలోని నికోబార్ భాషకు చుట్టరికమున్నదని తెలిసినప్పుడు మన ప్రయాణం చిన్నదిగా తోస్తుంది.

అయితే అండమాన్ ఆదివాసుల విషయంలో ఇదే ష్మిట్ వేరొక దారి పట్టారు. ఆయన కంటె ముందు ఎడ్వర్డ్ హోరేస్ మాన్ అనే ఆంగ్లేయ అధికారి ఈ దీవులలో పనిచేసి, ఇక్కడి ఆదివాసులను గురించి 1882–83లో లండన్ మానవశాస్త్ర సంస్థ పత్రికలో విస్తారమైన వ్యాసాలు ప్రచురించాడు. వాటిలో 'పులుగ' అనే శక్తి వర్ణన ఉన్నది. పులుగకు పుట్టుక లేదు, చావు లేదు. అగ్నివలె ఉండి కంటికి కనబడడు. లోకాన్ని సృష్టించినవాడు. అబద్ధం, దొంగతనం, హత్య వంటివి అతనికి కోపం తెప్పిస్తాయి. మాన్ చెప్పిన ఈ మాటలు చదివినవారికి బైబిలు దేవుడు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

ష్మిట్‌కు అదే కావలసివచ్చింది. మానవజాతి మొదట ఒకే దేవుని నమ్మినదని, అనేక దేవతారాధన తరువాత వచ్చిన పతనమని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని స్థాపించడానికి ఆయన వ్రాసిన మహాగ్రంథం 1912లో మొదలై, 1954లో ఆయన మరణించిన తరువాత పూర్తయినది. దాని సంపుటాలు 12. అతి ప్రాచీన జీవనం గడుపుతున్నవారని తాను భావించిన పొట్టి జాతులలో అండమానీలను ఆయన ముఖ్యంగా లెక్కించారు. 1910లో వెలువడిన గ్రంథంలో మాన్ చెప్పిన పులుగను తన వాదానికి బలమైన ఆధారంగా చూపారు.

అంతలో మరొక యువకుడు ఈ దీవులకు వచ్చి వెళ్లాడు. తరువాతి కాలంలో రాడ్‌క్లిఫ్ బ్రౌన్‌గా ప్రసిద్ధుడైన అతను 1906 నుండి 1908 వరకు ఇక్కడ పరిశోధన చేశాడు. అతనికి దొరికిన సమాచారం వేరుగా ఉన్నది. ఉత్తరాది తెగలలో ఆ శక్తి పేరు బిలికు, పలుమార్లు ఆ శక్తి స్త్రీ. బిలికుతో పాటు తరై అనే మరొక శక్తి ఉన్నది. బిలికు ఈశాన్య ఋతుపవనానికి, తరై నైరుతి ఋతుపవనానికి సంబంధించినవి. తేనెమైనం కరిగించినా, ఇలకోడి కూసే వేళ చప్పుడు చేసినా, కొన్ని దుంపలను కాలం కాని కాలంలో త్రవ్వినా బిలికు ఆగ్రహించి గాలివాన పంపుతుంది. కనుక ఇది సృష్టికర్త కథ కాదు, ఋతువులకు, ఆహారానికి, మనుషుల నడవడికి ఉన్న సంబంధాన్ని చెప్పే కథ అని అతని వ్యాఖ్యానం. ఈశాన్యపు గాలికి ఓడలు ఆగిపోయి, సరుకులు అందక ఎదురుచూసిన మనకు ఈ మాటలోని బలం తెలుస్తుంది.

1910లో 'మాన్' అనే లండన్ పత్రికలో ష్మిట్, బ్రౌన్ ఒకరినొకరు ఖండిస్తూ వ్రాశారు. ఆండ్రూ లాంగ్ అనే మరొక పండితుడు కూడా ఆ చర్చలో పాల్గొన్నాడు. ఒకరు మాన్ నమోదులను నమ్మారు, మరొకరు తన నమోదులను నమ్మారు. ష్మిట్ ఈ దీవులకు ఎన్నడూ రాలేదు. వచ్చిన బ్రౌన్‌కు కూడా భాష పెద్ద అడ్డంకి అయినది. లిటిల్ అండమాన్‌లో కొన్ని నెలలు గడిపినా ఓంగీల భాష పట్టుబడలేదు. గ్రేట్ అండమాన్‌లో మొదట హిందుస్తానీని ఆశ్రయించాడు. ఆ భాష అటు ఆదివాసులకూ అరకొరగానే వచ్చు. చివరకు ఇంగ్లీషు బాగా తెలిసిన అకర్‌బలే తెగవాడొకడు దుబాసీగా దొరికిన తరువాత పని సాగింది. ఇవన్నీ బ్రౌన్ 1922లో ప్రచురించిన తన గ్రంథంలో దాపరికం లేకుండా చెప్పుకొన్నాడు. ఆ నిజాయితీకి గౌరవమివ్వాలి. కాని ఆ దుబాసీ స్వయంగా వ్యాసం వ్రాసి ఉంటే పులుగను గురించి ఏమనేవాడో మనకు తెలియదు. జర్మన్‌లో వ్రాశారు, ఫ్రెంచిలో వ్రాశారు, ఇంగ్లీషులో వ్రాశారు. మూడవ భాష, అనగా ఎవరిని గురించి వ్రాశారో వారి భాష, ఆ చర్చలో పక్షంగా నిలబడలేదు.

ఇక్కడ మన సభకు ఒక హెచ్చరిక ఉన్నది. సృష్టికర్తను అంగీకరించని ధర్మం మనది. కనుక బ్రౌన్ గెలిచాడు, ఆదిమానవునికి దేవుడు లేడు, మన మాటే నిజమైనదని సంతోషించాలని మనకు తోచవచ్చు. అలా చేస్తే ష్మిట్ చేసిన పనినే మనమూ చేసినవారమవుతాము. ఆయన తన దేవుని కోసం అండమానీలను సాక్షులుగా పిలిచారు. మనం మన అనీశ్వరవాదం కోసం పిలుస్తాము. రెండింటిలోను వారు సాక్షులే తప్ప మనుషులు కారు. పుట్టుగుడ్డివారు ఏనుగును తడిమి కలహించిన కథను బుద్ధ భగవానుడు చెప్పిన సంగతి మీకు తెలుసు. ఆ కథలో ఏనుగు మాటాడలేదు. ఇక్కడ తడుమబడినది మాటాడగల మనిషి. అయినా అతనిని వాదంలోకి పిలిచినవారు లేరు.

ఆ ఆలస్యం ఫలితమేమి? 1858లో ఆంగ్లేయులు ఇక్కడ బందీల స్థావరాన్ని నెలకొల్పిన తరువాత అంటురోగాలు తెగలను తుడిచిపెట్టాయి. 1877లో వచ్చిన తట్టు వ్యాధి ఒక్కటే ఎందరినో బలిగొన్నది. గ్రేట్ అండమానీల సంఖ్య 1901 జనగణనలో 625. 1931లో 90. 1961లో 19. బో భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ అనే వృద్ధురాలు 2010 జనవరిలో కన్నుమూసింది. పులుగ ఎవరు, బిలికు ఎవరు అని ఆ భాషలో అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. పండితుల వాదం గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నది. వాదానికి ఆధారమైన భాష మాత్రం అంతరించినది. ఆ చివరి దినాలలో భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆ వృద్ధురాలి మాటలను, పాటలను నమోదు చేశారు. ఇంగ్లీషు, గ్రేట్ అండమానీ, హిందీ మూడింటిలోను నిఘంటువు కూర్చారు. మూడవ భాషకు అచ్చులో చోటిచ్చిన ఆ పని ఎంత ఆలస్యంగా జరిగినదో, అంత అమూల్యమైనది.

మన దేశంలోని పరిశోధనా సంస్థ సంగతి కూడా చెప్పాలి. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ 1945 డిసెంబరులో కాశీలో ప్రారంభమై, 1948లో కలకత్తాకు మారింది. బి. ఎస్. గుహ దాని తొలి సంచాలకులు. 1951లోనే పోర్ట్ బ్లెయిర్‌లో దాని కేంద్రం ఏర్పడింది. ఈ సంస్థ చరిత్రలో ఒక నిశ్శబ్దమైన మార్పు కనిపిస్తుంది. మొదట దగ్గరకు వెళ్లాలన్న తపన ఎక్కువ. 1967లో టి. ఎన్. పండిత్ తదితరుల బృందం ఉత్తర సెంటినెల్ ద్వీపానికి వెళ్లింది. 1991 జనవరి 4న మధుమాలా చటోపాధ్యాయ ఉన్న బృందం నుండి సెంటినలీలు కొబ్బరికాయలు అందుకొన్నారు. ఇత్సింగ్ నాటి కొబ్బరికాయ ఆ దీవుల నుండి ఓడకు వచ్చినది. ఈ కొబ్బరికాయ పడవ నుండి దీవికి వెళ్లినది. ఇంతటి విజయం తరువాత ఆ యాత్రలు మరింత పెరగవలసినది. కాని 1990 దశకంలోనే అవి ఆగిపోయాయి. మన రోగాలు వారిని చంపగలవన్న ఎరుక, వారు పిలవనిదే వెళ్లరాదన్న వివేకం బలపడ్డాయి. 2004లో జారవాల కోసం ప్రకటించిన విధానం కూడా వారి జీవితంలో జోక్యాన్ని కనీసానికి తగ్గించాలనే చెప్పింది. తెలుసుకొనగలిగి కూడా తెలుసుకొనకుండా ఆగడం విద్యలో ఒక శీలం. అహింసను పరిశోధనకు వర్తింపజేస్తే కలిగే ఫలితమిదే.

ఇక వర్ణింపబడినవాడే వర్ణించేవాడైతే ఏమవుతుందో చెప్పడానికి మనకు బాబాసాహెబ్ కంటె గొప్ప ఉదాహరణ లేదు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర గోష్ఠిలో 25 ఏళ్ల అంబేడ్కర్ భారతదేశంలోని కులాల పుట్టుకను గురించి పత్రం సమర్పించారు. మరుసటి సంవత్సరం అది 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో అచ్చయినది. దానికి కొద్ది సంవత్సరాల ముందే రిస్లీ వంటి అధికారులు మన జనుల ముక్కులు కొలిచి, ఆ కొలతల ప్రకారం కులాలను జాతులుగా వరుస పెట్టారు. అంబేడ్కర్ కులానికి మూలం రక్తంలో లేదని, తమలో తామే వివాహాలు చేసుకొనే కట్టుబాటులో ఉన్నదని తర్కించారు. 1948లో అస్పృశ్యతను గురించి వ్రాసిన గ్రంథంలో ఇంకొక అడుగు వేశారు. ఘుర్యే సేకరించిన కొలతలనే తీసుకొని, అస్పృశ్యులు వేరొక జాతి అన్న వాదం నిలువదని చూపారు. కొలబద్దను విసిరివేయలేదు, దానిని తానే చేతబట్టి తప్పుడు తీర్పును కొట్టివేశారు. మాట్లాడే అవకాశం దొరికినప్పుడు సాక్షి ఎట్లు న్యాయమూర్తి కాగలడో ఇది చూపుతుంది.

భాష విషయంలో శాస్త మార్గం స్పష్టం. చుల్లవగ్గలో ఒక కథ ఉన్నది. బ్రాహ్మణ కులంలో పుట్టిన ఇద్దరు భిక్షువులు, వేర్వేరు నోళ్లలో పడి బుద్ధవచనం చెడిపోతున్నదని, దానిని ఛందస్సులోకి మార్చుతామని అనుమతి కోరారు. భగవానుడు వారిని మందలించి, స్వకీయ భాషలోనే ధర్మాన్ని నేర్వవచ్చునని అనుజ్ఞ ఇచ్చాడు. ఆ అనుజ్ఞకు వ్యాఖ్యాతలు వేర్వేరు అర్థాలు చెప్పినా, ధర్మం పండితుల భాషలో బందీ కారాదన్న భావం అందరికీ తెలిసినదే. మన తెలుగునేలలో ఇదే పనిని గిడుగు వెంకట రామమూర్తి పంతులు చేశారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకొని, సవర పిల్లల కోసం బడులు పెట్టి, వారి భాషలో వాచకాలు వ్రాశారు. తెలుగు–సవర నిఘంటువు కూర్చారు. 1931లో సవర వ్యాకరణం ప్రచురించారు. విద్య పుచ్చుకొన్న చోటికే విద్యను తిరిగి ఇవ్వడమంటే ఇదే. ఆయన నడిపిన వ్యావహారిక భాషోద్యమానికి, ఈ సవర సేవకు మూలం ఒకటే. మాట్లాడేవాని భాషకు గౌరవమివ్వాలన్న నిశ్చయమే ఆ మూలం.

సభికులారా, ఇక బ్రూక్షాబాద్‌లో కూర్చున్న మనం చేయదగినదేమిటో చెప్పి ముగిస్తాను. 2011 జనగణన ప్రకారం ఈ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత తెలుగు నాలుగవ భాష. మనది చిన్న సమూహం కాదు. అందువలన మన బాధ్యతా చిన్నది కాదు.

మొదటిది, మాటలో శీలం. జారవాలను చూడడానికి బారాటాంగ్ దారిన వెళ్లే బంధువులను వారించండి. మన పిల్లల ముందు వారిని 'అడవి మనుషులు' అనకండి. మన తాతలను కొలిచినవారు వాడిన మాటలు కూడా ఇటువంటివే.

రెండవది, అడగడం. ఈ దీవులను గురించి ప్రభుత్వ ధనంతో సాగిన పరిశోధనల సారాంశాలు దీవుల భాషలలో, నికోబారీలో, హిందీలో, తెలుగులో, ఇతర భాషలలో కూడా వెలువడాలని సంఘం తరఫున వినయంగా కోరుదాం. ఎవరిని గురించి వ్రాశారో వారు చదివి, ఇది నిజం, ఇది కాదు అని చెప్పగల రోజున గాని ఆ విద్య పూర్తి కాదు.

మూడవది, మన వంతు వ్రాత. మన పెద్దలు ఏ ఊరి నుండి, ఏ ఓడలో, ఎందుకు వచ్చారో, ఏ పనులు చేశారో వారి నోటి నుండే సేకరించి, ఒక పక్క తెలుగులో, ఒక పక్క హిందీలో చిన్న సంచికగా ఏటేటా వెలువరించవచ్చు. దానికి పెద్ద సంస్థ అక్కరలేదు, మూడు నియమాలు చాలు. చెప్పేవారి అనుమతి తీసుకోవాలి. వ్రాసిన తరువాత వారికి చదివి వినిపించాలి. వారు వద్దన్న మాటను తీసివేయాలి. ఈ మూడు నియమాలు మనవారి విషయంలో అలవడితే, పొరుగువారి విషయంలోనూ నిలుస్తాయి.

వచ్చి చూడమని పిలిచే ధర్మం మనది. అయితే పిలిచినప్పుడే వచ్చి చూడడం, చూసినది చూపబడినవానికి వినిపించడం కూడా ఆ ధర్మంలోని భాగాలే.

సర్వప్రాణులు సుఖముగా ఉండుగాక. భవతు సబ్బ మంగళం.